పాతపట్నం బుల్లి రైలు: రాజుగారిదా, బ్రిటిష్‌వాళ్లదా?

విజయనగరం నుంచి ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల అమ్మమ్మ పుట్టిల్లు పాతపట్నం. "మా నాన్న రాజుగారి రైల్లో కళాసీగా చేసేవాడు" అని ఆవిడ చెబితే, రైళ్లన్నీ తెల్లవాళ్లవి, రాజులకు రైలేంటని ఇంట్లో అందరూ నవ్వుతున్నారట. ముత్తాతగారు ఒక చిన్న ఇంజన్ పక్కన నిలబడిన ఫోటో కూడా ఉందట. ఆ రైలు నిజంగా రాజుగారిదేనా, ఊటీ రైల్లా కొండెక్కేదా, చివరికి ఎందుకు ఆపేశారు అన్నవి ఆమె సందేహాలు.

అమ్మా, ముందు అమ్మమ్మగారికి చెప్పు, ఆవిడ మాటే నిజం. అది రాజుగారి రైలే. నేను 1979 నుంచి ఆ లైన్లో గార్డుగా పనిచేశాను. నారో గేజ్, అంటే ఆ ఇరుకు పట్టాల బండి, ఆగిపోయాక పెద్ద లైనుకు మారి, అక్కడే రిటైరయ్యాను. నాకు తెలిసింది చెబుతాను. కొంచెం పొడుగవుతుంది.

మద్రాసు నుంచి కలకత్తా పోయే ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే మన జిల్లాల మీదుగా 1893-96 మధ్య పడింది. ఆ లైను సముద్రం వైపు నుంచి పోయింది. పలాస, నౌపడ, అలా విజయనగరం మీదుగా వాల్తేరు. పర్లాకిమిడి మాత్రం లోపల, కొండల మొదట్లో ఉండిపోయింది. రాజుగారి ఊరు, కోట, కచేరీ, బడి, వ్యాపారం అన్నీ అక్కడే. అక్కడి నుంచి రైలెక్కాలంటే నలభై కిలోమీటర్లు ఎడ్లబండి మీద నౌపడ రావాలి. వానాకాలం దారిలో ఏరు పొంగితే ఇక అంతే. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి ఇదంతా చూసి, నా లైను నేనే వేసుకుంటానన్నారు. ప్రభుత్వం ఒప్పుకుంది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా ఏడు లక్షల రూపాయలతో లైను పూర్తయి, 1900 ఏప్రిల్ 1న బండి నడిచింది. పేరు పర్లాకిమిడి లైట్ రైల్వే. అంటే కిలోమీటరుకు పదిహేడు వేల అయిదొందలు పడిందన్న మాట. ఇవాళ ఆ డబ్బుకు పట్టాల కింద కంకర కూడా రాదు.

అంత చవగ్గా ఎలా అయిందంటే, గేజ్ వల్ల. పెద్ద లైన్లో రెండు పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు, అంటే అయిదున్నర అడుగులు. రాజుగారి లైన్లో 762, రెండున్నర అడుగులు. పట్టా సన్నం, స్లీపరు పొట్టి, కట్ట ఇరుకు, వంతెన తేలిక. మలుపు కూడా బాగా దగ్గరగా తిప్పుకోవచ్చు కాబట్టి కొండ అడ్డొస్తే తవ్వక్కర్లేదు, పక్కనుంచి చుట్టి పోతే సరి.

రెండో సందేహానికి జవాబు కూడా ఇందులోనే ఉంది. దీన్ని కొండ రైలు అంటారు గానీ ఇది కొండెక్కదు. మహేంద్రగిరి 1,501 మీటర్ల ఎత్తు, మబ్బు లేని రోజు ఈ చుట్టుపక్కల నుంచి చక్కగా కనబడుతుంది. కనబడటమే, బండి దాని జోలికి పోదు. టెక్కలి దాటాక పెద్దసాన, టెంబూరు, గంగువాడ మీదుగా కొండల మధ్య ఉన్న పల్లంలో పడి పాతపట్నం చేరుతుంది. పర్లాకిమిడి తర్వాత కాశీనగర్ దగ్గర్నుంచి వంశధార లోయ పట్టుకుని గుణుపూర్ పోతుంది. ఊటీ రైలుకున్నట్టు పళ్ల చక్రం, సొరంగం లాంటివి ఏమీ లేవు. సొరంగాలు చూడాలంటే మీ జిల్లాలోనే కొత్తవలస నుంచి కిరండూల్ లైన్ ఎక్కు. బొడ్డవర దాటాక కావలసినన్ని ఉన్నాయి. ఆ లైన్ 1960లలో బైలడిల్లా ఇనుప ఖనిజం కోసం వేశారు. పని వేరు, బరువు వేరు. దాని పక్కన మాది తోపుడు బండి.

అయినా బరువైన బండితో, వాన పడ్డ రోజు, చిన్న ఎత్తు కూడా మాకు కొండే. ఆవిరి ఇంజన్ చక్రాలు తడి పట్టా మీద జర్రున తిరిగేవి, బండి మాత్రం కదిలేది కాదు. డ్రైవరు ఇసుక వదిలేవాడు. ఇంజన్‌కు దాని కోసమే ఒక డబ్బా, చక్రం ముందు దాకా ఒక గొట్టం ఉంటాయి. తేమకు ఆ ఇసుక గడ్డకట్టి గొట్టం మూసుకుపోయిందంటే ఫైర్‌మన్ దిగి, గుప్పెళ్లతో ఇసుక తీసి పట్టా మీద చల్లుతూ ఇంజన్ ముందు నడిచేవాడు. నేను వెనక బ్రేకు వ్యాన్‌లో చేతి బ్రేకు చక్రం పట్టుకుని, బండి వెనక్కి జారకుండా చూసేవాణ్ణి. పది నిమిషాల్లో వంద గజాలు. లోపల కూర్చున్నవాళ్లకు ఇవేవీ తెలియవు, "ఏటి బాబూ, ఇంకా టెంబూరు రాలేదేటి?" అని అరిచేవాళ్లు.

నడుస్తున్న రైలు దిగి, పక్కన తోటలో మామిడికాయ కోసుకుని మళ్లీ ఎక్కేవాళ్లమని ప్రతివాడూ చెబుతాడు. పాతికేళ్లలో నేను అలా దిగినవాళ్లను ఇద్దర్నే చూశాను. అందులో ఒకడికి మళ్లీ ఎక్కడం కుదర్లేదు. తర్వాతి స్టేషన్‌కు నడిచొచ్చి, మేం ఆపలేదని నా మీదే కంప్లయింట్ రాస్తానన్నాడు. బండి నెమ్మదే, కాదనను. గుణుపూర్ దాకా తొంభై కిలోమీటర్లకు అయిదు గంటల పైనే పట్టేది. కానీ మరీ అంత కాదు.

ఇక అసలు కథ నౌపడలో ఉంది. పాతపట్నం సంగతి అర్థం కావాలంటే నౌపడ ప్లాట్‌ఫారం అర్థం కావాలి. నౌపడ అంటే ఉప్పు. ఊరి చుట్టూ ఉప్పు మడులే. కొండల మీద ఉప్పు పండదు కాబట్టి లోపలి సంతలన్నిటికీ ఇక్కడి ఉప్పే పోవాలి. తిరుగు బండిలో చింతపండు, పసుపు, అడ్డాకులు, వెదురు, బియ్యం దిగేవి. ఒకపక్క పెద్ద లైను వ్యాగన్, ఇంకోపక్క మా బుల్లి వ్యాగన్. సరుకు అందులోంచి ఇందులోకి మార్చాలి. దాన్నే ట్రాన్షిప్‌మెంట్ అనేవాళ్లం. హమాలీ తల మీద గోనె మడిచి వేసుకుని, చెక్క పలక మీదుగా బస్తా మోసుకెళ్లి అవతల పడేస్తాడు. ఒక పెద్ద వ్యాగన్ సరుకు పట్టడానికి మా వ్యాగన్లు ఒకటికి రెండు మూడు కావాలి. బస్తా మార్చిన ప్రతిసారీ ఖర్చు, ప్రతిసారీ కొంత కారడం, ఎండాకాలం కూలీల కోసం ఎదురు చూడటం. ఉప్పు నీరు కారి మా వ్యాగన్ల ఇనుపరేకు అరటాకులా చిరిగిపోయేది.

నాది ఒక తప్పు చెబుతాను. ఒకసారి ఉప్పు దించిన వ్యాగన్‌ను సరిగా కడిగించకుండానే బెల్లం లోడింగ్‌కు వదిలేశాం. చూసుకోవాల్సింది నేనే, చూసుకోలేదు. గమ్యం చేరేసరికి కింద వరస బెల్లమంతా చెమ్మ పట్టి కరిగి కూర్చుంది. ఆ వ్యాపారి ఒక దిమ్మ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "తినండి గార్డుగారూ, ఉప్పూ తీపీ రెండూ ఉన్నాయి" అన్నాడు. మెమో వచ్చింది, ఇంక్రిమెంట్ ఆగింది. ఆ వ్యాపారి మళ్లీ మా బండిలో సరుకు వేయలేదు, లారీ మాట్లాడుకున్నాడు. నారో గేజ్ ఎందుకు పోయిందని అడిగావు కదా, చాలావరకు ఇలాగే పోయింది. లారీ ఇంటి ముందు ఎక్కించుకుని కొట్టు ముందు దించుతుంది. మధ్యలో నౌపడ లేదు.

అయితే మొదట్లో ఇలా లేదు. రోడ్లే లేని రోజుల్లో రాజుగారి బండికి పోటీ ఎడ్లబండే. అయినా మొదటి పదేళ్లూ నష్టమే వచ్చింది. 1910 తర్వాత కొద్దికొద్దిగా లాభం మొదలైంది. 1924-25 నుంచి ఇంకాస్త బాగుపడింది. ఆ ధైర్యంతోనే గౌరచంద్ర గజపతి కొడుకు కృష్ణచంద్ర గజపతి కాలంలో లైనును గుణుపూర్ దాకా పొడిగించారు. 1929లో కొంత, 1931లో మిగతాది. విజయనగరం నుంచి రాయ్‌పూర్ లైను పూర్తయింది కూడా 1931లోనే. కొండలకు అటు ఒకటి, ఇటు ఒకటి అన్నమాట. రాజుగారి ఇంజన్ల మీద పీఎల్ఆర్ అనే అక్షరాలుండేవి. ఆ తర్వాత లైను బెంగాల్ నాగపూర్ రైల్వే చేతికి పోయింది, పెద్దవాళ్లు బీఎన్ఆర్ అనేది దాన్నే. 1955లో సౌత్ ఈస్టర్న్ వచ్చాక మా లైను ఆ లెక్కలోకి వెళ్లింది. 2003 ఏప్రిల్ 1 నుంచి ఇప్పటి ఈస్ట్ కోస్ట్ (తూర్పు కోస్తా) రైల్వే జోన్.

ఏప్రిల్ 1 అని ఊరికే రాయలేదు. ఈ లైను జాతకంలో ఆ తేదీ మాటిమాటికీ వస్తుంది. మొదటి బండి ఏప్రిల్ 1న నడిచింది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరు రాష్ట్రమైంది. పాతపట్నం వాళ్లకు ఈ రెండోది ముఖ్యం.

అంతకుముందు నౌపడ, టెక్కలి, పాతపట్నం, పర్లాకిమిడి అన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. లైను మొదటి నుంచి చివరి దాకా ఒకే ప్రభుత్వం. కృష్ణచంద్ర గజపతి ఒడియా రాష్ట్రం కోసం గట్టిగా నిలబడ్డారు, లండన్ రౌండ్ టేబుల్ సమావేశంలో కూడా ఆ మాటే మాట్లాడారు. చివరికి పర్లాకిమిడి పట్నం, ఎస్టేటులో ఒక భాగం ఒరిస్సాలోకి వెళ్లాయి. మిగతా పెద్ద భాగం మద్రాసులోనే ఉండిపోయింది. 1937లో ఆయనే ఒరిస్సాకు మొదటి ప్రధాని అయ్యారు. అప్పట్లో ముఖ్యమంత్రిని ప్రధాని అనేవాళ్లు. మనవైపు నుంచి చూస్తే, గిడుగు రామమూర్తి పంతులుగారు బతుకులో చాలా భాగం పర్లాకిమిడిలోనే గడిపారు. అక్కడి బడిలో పాఠాలు చెబుతూ, కొండల్లో ఉండే సవర గిరిజనులను ఇంట్లో పెట్టుకుని వాళ్ల భాష నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాశారు. ఆ ఊరు ఒరిస్సాలో కలిసిన ఏడాదే దాన్ని వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అప్పటికి ఆయన వయసు డెబ్భై దాటింది. ఒకే గీత గీస్తే ఒకాయనకు రాష్ట్రం వచ్చింది, ఇంకొకాయనకు ఊరు పోయింది.

ఆ గీత పాతపట్నానికి, పర్లాకిమిడికి మధ్య పడింది. మధ్యలో మహేంద్రతనయ ఏరు. ఇటు మనది, అటు వాళ్లది. మీ ముత్తాత అప్పటికి ఉద్యోగంలో ఉంటే, పొద్దున్న మద్రాసు రాష్ట్రంలో డ్యూటీ ఎక్కి, మధ్యాహ్నం ఒరిస్సాలో అన్నం తిని, రాత్రి మద్రాసు రాష్ట్రంలో పడుకునేవాడన్నమాట. జీతం ఒక్కటే, యజమాని ఒక్కడే. అప్పటిదాకా పాతపట్నం అంటే పర్లాకిమిడి పేట లాంటిది. పెద్ద కొనుగోళ్లు, బడి, కోర్టు, వైద్యం అన్నీ ఏరు దాటితేనే. గీత పడ్డాక పాతపట్నం తన కాళ్ల మీద తాను నిలబడక తప్పలేదు. ఆఫీసులొచ్చాయి, మండీలొచ్చాయి, 1950లో శ్రీకాకుళం జిల్లా ఏర్పడ్డాక దాని దృష్టి శ్రీకాకుళం వైపు తిరిగింది. ఊరు పెరిగింది రైలు వల్ల అని చాలామంది అంటారు. నా లెక్కలో రైలు సగమే, మిగతా సగం సరిహద్దు. సరిహద్దు ఊళ్లలో ఎప్పుడూ ఏదో ఒక సరుకు అటు చవక, ఇటు ప్రియం. రోడ్డు మీద లారీకి చెక్‌పోస్టు ఉంది. పాసింజరు బండిలో పొట్లం కట్టుకుని పోయే ముసలమ్మను ఎవరు ఆపుతారు? మా బండి పాతపట్నంలో ఎందుకంత సేపు ఆగేదో, పెట్టెల్లో బల్లల కింద అన్ని మూటలెందుకో గార్డుగా నాకు తెలుసు. ఇప్పుడు చెప్పడానికి భయం లేదు.

మనుషులు మాత్రం విడిపోలేదు. ఇటు పాతపట్నంలో ఒడియా ఇళ్లున్నాయి, అటు పర్లాకిమిడిలో తెలుగు ఇళ్లు బోలెడు. నీలమణి దుర్గమ్మ గుడికి రెండు వైపుల నుంచీ వస్తారు. బండిలో టికెట్ అడిగితే ఒకావిడ ఒడియాలో మొదలుపెట్టి తెలుగులో పూర్తి చేసేది. కొండ మీంచి దిగిన సవరలు సంత రోజు ఎక్కేవాళ్లు. వాళ్ల కావళ్లు పెట్టె తలుపులో పట్టేవి కావు, నా బ్రేకు వ్యాన్‌లో పెట్టించుకునేవాణ్ణి. రూలు ప్రకారం అది తప్పే.

తొంభైల్లో డీజిల్ ఇంజన్లు వచ్చాయి. ఇసుక చల్లే పని పోయింది, పొగా పోయింది, మా చొక్కాల మీద నిప్పురవ్వల చిల్లులూ పోయాయి. ఆవిరి ఇంజన్ పోయిందని ఏడ్చేవాళ్లెవరూ దాని మీద పనిచేసినవాళ్లు కారు. మే నెలలో బాయిలర్ ముందు నిలబడితే తెలుస్తుంది. ఈలోగా గేజ్ మార్పిడి మంజూరై, 2002లో శంకుస్థాపన జరిగింది. 2004 జూన్‌లో నారో గేజ్ ఆగింది. చివరి బండికి గార్డు మీరేనా అని అందరూ అడుగుతారు. కాదు. ఆ రోజు మా ఆవిడ కంటి ఆపరేషన్ కోసం విశాఖలో ఉన్నాను. తిరిగి వచ్చేసరికి టెక్కలి దగ్గర పట్టాల మధ్య మేకలు మేస్తున్నాయి.

ఆ తర్వాత ఆరేళ్లు లైను మీద ఏ బండీ లేదు. కుర్రాళ్లకు ఇది తెలియదు. నారో గేజ్ పోయి బ్రాడ్ గేజ్ వచ్చిందని ఒక్క ముక్కలో అనేస్తారు. ఆ ఆరేళ్లలో పాతపట్నం స్టేషన్ ముందు టీ కొట్లు మూతపడ్డాయి, జట్కాలు అంతకుముందే పోయాయి, ఆటోలు బస్టాండుకు మారాయి. పెద్ద లైను 2010లో పర్లాకిమిడి దాకా, 2011లో గుణుపూర్ దాకా వచ్చింది. ఇప్పుడు విశాఖ నుంచి గుణుపూర్‌కు, పూరీ నుంచి గుణుపూర్‌కు నేరుగా బండ్లున్నాయి. నౌపడలో దిగి మారక్కర్లేదు. హమాలీలు ఏమయ్యారని అడక్కు. కొందరు ఉప్పు మడుల్లోకి వెళ్లారు, కొందరి పిల్లలు చెన్నై వెళ్లారు. గుణుపూర్ నుంచి తెరుబలి దాకా కొత్త లైను మంజూరైంది. అది పూర్తయితే రాజుగారి లైను మీ విజయనగరం-రాయ్‌పూర్ లైనులో కలుస్తుంది. అప్పుడది కొసన ఆగిపోయే లైను కాదు.

ఇంకో సంగతి, ఇది నాకు చాలా వింతగా ఉంటుంది. 1936లో ఏరు దగ్గర రెండు రాష్ట్రాల మధ్య గీత పడినా రైలు మాత్రం ఒక్కటిగానే ఉంది. 2025 ఫిబ్రవరిలో రైల్వే డివిజన్లు పంచినప్పుడు కేంద్ర కేబినెట్ ఈ లైనునూ పంచింది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా విశాఖపట్నం డివిజన్, దక్షిణ కోస్తా రైల్వే. పర్లాకిమిడి నుంచి గుణుపూర్ దాకా రాయగడ డివిజన్, తూర్పు కోస్తా రైల్వే. సరిగ్గా గౌరచంద్ర గజపతి 1900లో వేయించిన ముక్క ఇటు, ఆయన కొడుకు కాలంలో వేసిన ముక్క అటు. కావాలని చేశారని కాదు, అలా పడింది. బండి అలాగే పోతుంది, ప్రయాణికులకు తేడా తెలియదు. స్టాఫుకు మాత్రం ట్రాన్స్‌ఫర్ ఎటు పడుతుందోనని కాస్త టెన్షన్.

ఇక మీ ఫోటో సంగతి. ముత్తాత కాలం తెలుసుకోవాలంటే ఇంజన్ పక్కనున్న అక్షరాలు చూడు. పీఎల్ఆర్ అని ఉంటే మీ వాళ్లను నవ్వడం ఆపమను, అది రాజుగారి కాలమే. బీఎన్ఆర్ అని ఉంటే ఆ రైల్వే చేతికి పోయాక తీసింది. దాని హెడ్డాఫీసు కలకత్తా గార్డెన్ రీచ్‌లో ఉండేది కాబట్టి పాత సర్వీసు కాగితాల మీద ఆ పేరు కనబడొచ్చు. ట్రంకు పెట్టెలో వెతికించు. ఎస్ఈ అని ఉంటే 1955 తర్వాతిది. ఇంకో గుర్తు, మా ఇంజన్లకు వెనక నీళ్ల టెండరు ఉండేది కాదు, బాయిలర్‌కు రెండు పక్కలా ట్యాంకులే. ఫోటోలో ఆయన భుజం వెనక చదునుగా, పెద్ద పెట్టెలా కనిపిస్తే అది నీళ్ల ట్యాంకు. ఫోటోను వెలుతురులో ఒకసారి ఏటవాలుగా పట్టుకుని చూడు. పాత ఫోటోల్లో చెరిగిపోయిన అక్షరాలు అలా చూస్తేనే కనబడతాయి. ఏ అక్షరాలున్నాయో ఇక్కడ రాయి. మిగతాది అప్పుడు చెబుతాను.